పడని బోరు

నెలకు పదిహేను వేలు.
ఆర్డరు కాగితంలో నా పని ఒక్క వాక్యం:
పరిశోధన ఫలితాలను జనానికి అర్థమయ్యేలా చెప్పుట.
తిరుపతిలో, మూడో అంతస్తులో,
ఏసీ మోత తప్ప మాట వినబడని గదిలో
నాకో కుర్చీ, అరిగిన కీబోర్డు,
కిటికీకి పట్టినంత కొండ.

మా నాయన మార్కెట్ యార్డులో
తోతాపురి ధర మైకులో చెప్పే మనిషి.
"అయితే నీదీ మైకు పనే" అన్నాడు.
కాదనడానికి నోరు తెరిచి
ఊరుకున్నాను.

మొదటి వారం "కణం" అని రాశాను.
వసుమతి మేడమ్ ఎర్రపెన్నుతో సున్నా చుట్టింది:
"ఇది ఎవరి నోట్లో ఉండే మాట?"
"సెల్లు" అని మార్చాను.
సెల్లు చచ్చిపోతుందనగానే
పూతలపట్టు మొగిలయ్య
జేబు తడుముకున్నాడు.

గాజుపళ్లెంలో వాటిని పెంచడాన్ని ఏమనాలి?
"సంవర్ధనం" అంది నిఘంటువు, ముక్కు పైకెత్తి.
నెత్తురివ్వడానికొచ్చిన పాలకేంద్రం దొరసానమ్మ
అద్దంలోంచి తొంగి చూసి
"చేమిరేసినారా?" అంది.
ఆ రోజు నా నోటుబుక్కులో
పేజీ మొత్తానికి ఆ ఒక్క మాటే.

మూత్రపిండాలు చెడిపోక ముందే
నెత్తుటిలో ఏదైనా గుర్తు దొరుకుతుందా అని
మా వెతుకులాట.
రెండు వందల పన్నెండు మంది. పద్దెనిమిది నెలలు.
మనిషికి మూడు సూదులు.
సూదికి రెండు వందలు బస్సుచార్జీ,
ఒక బిస్కెట్ ప్యాకెట్,
మోచేతి మడతలో రొవంత దూది.

గుర్తు దొరకలేదు.

ఇంగ్లీషులో అది సుఖంగా కూర్చుంది,
పదకొండు పేజీల మధ్య
ఒక దశాంశ బిందువు చాటున.
తెలుగులో ఒక్క పేజీ, అది నాది.
"మీ రక్తం వృథా కాలేదు" అని మొదలుపెట్టి
కొట్టేశాను.
"మీ అమూల్యమైన సహకారానికి" అని రాసి
ఓట్లడిగే కరపత్రంలా ఉందని
అదీ కొట్టేశాను.
అప్పుడే ఫోను టింగుమంది:
మొదటి స్టైపెండు పడింది.
వాళ్లిచ్చినదాంట్లో ఏమీ తేలలేదని చెప్పడానికి
నాకు పదిహేను వేలు.
రూము అద్దె కట్టాను. మెస్సు బాకీ తీర్చాను.
మిగిలింది లెక్క పెట్టబుద్ధి కాలేదు.

ఆదివారం చిత్తూరు బస్సెక్కాను, చేతిలో కాగితం లేకుండా.
దొరసానమ్మ క్యాన్లు కడుగుతోంది.
పక్కన గ్లాసులో లాక్టోమీటరు
సగం మునిగి ఊగుతోంది.
చెప్పేశాను, నోటికొచ్చిన మాటల్లో:
వెతికినాం. లేదు.

ఆమె చెయ్యి ఆగలేదు.
"మా చేన్లో నాలుగు బోర్లేసినాం మే.
మూడు పడలా. ఎనిమిదొందల అడుగులు, అంతా దుమ్మే.
పడకపోయినా బోరుబండోడికి డబ్బులియ్యాల్సిందే గదా.
నీకూ అంతే."
నవ్వింది. నాకు నవ్వు రాలేదు.
"పడని బోరు మింద బండ పెడతాం.
పిల్లోళ్లు జారకుండా.
ఇంకోడొచ్చి ఆడనే తవ్వకుండా.
బండ మింద సున్నంతో రాస్తాం,
ఎన్నడుగులు పోయినామో."

క్యాను బోర్లించింది.
నీళ్లు నా చెప్పుల కిందికొచ్చాయి.
"మల్లా సూది ఉంటాదా?"
తెలీదన్నాను.
"ఉంటే మీవోళ్లకి చెప్పు. పాలుపోసే టయానికి పెట్టొద్దని.
మూడుసార్లూ అట్లనే చేస్తిరి."

చంద్రగిరి దాటేటప్పటికి
బస్సు టికెట్టు వెనక పేజీ పూర్తయింది.
ఇక్కడ తవ్వాం. ఇంత లోతు. ఇంతమంది చేతులతో.
పడలేదు.
మేడమ్ ఎర్రపెన్ను "తవ్వాం" దగ్గర ఆగింది,
సున్నా చుట్టకుండానే కిందికి దిగింది.
అక్కడ, అట్టడుగున, చిన్నక్షరాల్లో
పరిశోధకులకు ఒక మనవి ఉంది:
పాలుపోసే వేళకు సూది వద్దు.