నొక్కని మీట

ఉలాన్‌బాతర్‌లో మధ్యాహ్నం. కిటికీ మంచుని
గోటితో గీస్తే గానీ వీధి కనబడదు.
దొల్గోర్ గారి కంప్యూటర్ మళ్లీ
వాక్యం సగంలో చచ్చింది.

వేడేమో అనుకున్నా. ఫ్యాన్‌లోంచి బొగ్గుమసి
పిడికెడు తీశాను. పేస్టు కొత్తగా పూశాను.
పదకొండు నిమిషాలు. టప్.
పవర్ సప్లై మార్చాను. ర్యామ్ పట్టీలు ఒక్కోటీ పీకి చూశాను.
టప్.
ఆమె ఉప్పు టీ చల్లారిపోయింది, నాది కూడా.

ఇక తోచక
ముందు మీట నుంచి వచ్చే సన్నతీగ ఊడదీసి
స్క్రూడ్రైవర్ మొనతో రెండు పిన్నులూ కలిపాను.
లేచింది.
గంట. రెండు గంటలు. చీకటి పడింది.

లోపల అన్నీ బాగానే ఉన్నాయి దొల్గోర్ గారూ,
గుండె, నెత్తి, నెత్తురు.
అరిగిన మీట
ఎవరూ నొక్కకుండానే
నొక్కారనుకుంటోంది.

ఆమె నవ్వలేదు.
"మా ఆయనా అంతే. నేను నోరు తెరవకముందే
తలుపు వేసుకు పోయేవాడు."