తడిబియ్యం

దసరా పోయి నాలుగు దినాలాయ.
మా వీధి పిల్లోళ్ళు సంచులు తగిలించుకోని పోయినారు.
పైమిద్దె పిల్లోళ్ళకు మాత్రం ఇంకా సెలవులే,
వాళ్ళది వేరే ఇస్కూలు, వేరే లెక్క.

పొద్దున్నుంచి మెట్ల మీదే ఉండారు ఇద్దరూ.
పెద్దోడు హాజున్. మేము అర్జునా అంటాం, పలుకుతాడు.
చిన్నది సోయుల్. నా నోట్లో పడి సుబ్బులు అయిపాయ.
నాయన కార్ల ఫ్యాక్టరీకి చీకటితోనే పోతాడు,
చీకటి పడినాంక వస్తాడు.
కొరియా నుంచి అనంతపురం వచ్చి ఐదు నెలలు.
ఐదు నెలల్లో ఆ బిడ్డలు నేర్చింది మూడు మాటలు:
కరెంటు, కుక్క, వద్దు.

పదకొండు గంటలకు ఆయమ్మ దిగొచ్చె
గిన్నె నిండా నానేసిన బియ్యం ఎత్తుకోని,
మోచేతి మీదుగా నీళ్ళు కారతాంటే.
"అత్రాసాలకా?" అంటి.
ఫోన్ తెచ్చి నా మూతి కాడ పెట్టె.
ఫోన్లోని ఆడమనిషి పంతులమ్మ మాదిరి చెప్పె:
"నేడు పూర్ణచంద్రుని పండుగ. దయచేసి పిండి చేయగలరు."

ఇరవై ఏండ్లుగా పిండిమిషను తిప్పుతాండా,
ఇంత మర్యాదగా అడిగినోళ్ళు లేరు.

తడిబియ్యమంటే నా మిషనుకు కోపం.
రాళ్ళకు పట్టుకుంటాది, బెల్టు జారుతాది.
నీడన గుడ్డ మీద ఆరేసి,
పిడికిట పట్టి సూపిస్తి:
ముద్ద కావల్ల, చెయ్యి తడి కాకూడదు.
నేను చెప్పేలోగానే ఆయమ్మ పిడికిలి పట్టె, తెరిచె,
వేలితో ముద్దను పొడిచి సూసె.
ఎవురో నేర్పినారు ఆ చేతికి. ఫోన్ ఆ మాట చెప్పలా.

గోడవారన పచ్చి చెనిక్కాయల మూట,
శింగనమల నుంచి మా మరిది పంపింది.
సుబ్బులు ఒకటి తీసి మట్టితో సహా నమిలె.
"వద్దు!" అనె వాళ్ళమ్మ, తెలుగులోనే.

తర్వాత ఆకుల కత.
ఫోన్లో బొమ్మ సూపె, సూదుల మాదిరి ఆకులు,
వాటి మీద పరిచి ఉడకేయల్లంట.
ఆ చెట్టు ఈ ఊర్లో యాడిది తల్లీ?
ఇక్కడ ఉండేది వేప, కానుగ, తుమ్మ.
వేపాకేస్తే పండగ చేదయితాది.

మేమిద్దరం ఫోన్లో తల దూర్చుకోనుంటే
పెద్దోడు లేడు.
రోడ్డు మీద లారీలు. ఆయమ్మ చెప్పుల్లేకనే పరిగెత్తె.
అరగంటకు వాడే వచ్చె,
పోలీసు క్వార్టర్ల గోడ పక్క సరుగుడు చెట్టుందే,
దాని ఆకులు చొక్కా నిండా దూసుకోని,
మోకాలు గీసుకోని.

సూదులే. సన్నగా, పొడుగ్గా.
తల్లి ముక్కు కాడ పెట్టుకునె.
అది కాదు. ఆ వాసన కాదు.
నాకు తెలిసె, పిల్లోడికీ తెలిసె.
కొట్టను ఎత్తిన చెయ్యి
వాని తల మీది దుమ్ము దులిపె.
మూడు మార్లు కడిగె ఆ ఆకును,
మూడు మార్లూ ఎర్రనీళ్ళే.

నా ఇడ్లీ పాత్రలోనే ఉడికినాయి.
లోపల నువ్వులు, బెల్లం, నువ్వులు చాలక చెనిక్కాయ పొడి.
సగం చందమామలంట అవి.
నేను కజ్జికాయ మాదిరి అంచు మెలిపెడితే
తప్పని విప్పి, తన తీరున మల్ల నొక్కె.
నేనూ ఊరకుండలా, ఇంకోటి మెలిపెడితి.

కూలి ఎంతనె. ఇరవై అంటి, తీసుకుంటి.
పండగపిండి ఊరికే పట్టీకూడదు, అది మా అత్త మాట.

నీళ్ళ ట్యాంకు ఎనక నుంచి వచ్చె చంద్రుడు.
నాయన ఇంకా రాలేదు.
పెద్దోడు తలెత్తి ఏందో అడిగె.
ఆయమ్మ ఏం చెప్పిందో, చెప్పిందో లేదో.

నిజం చెప్పల్లంటే రుచి అంతంత మాత్రం.
సరుగుడు వగరు తగిలె.
రెండు తింటి. మూడోది కొంగున కట్టుకుంటి.

మెట్లెక్కతా "పోతా" అనె సుబ్బులు.
యాడ నేర్చిందో నాలుగో మాట.
"పోతా అనకూడదమ్మా, పోయొస్తా అనల్ల."
పన్నెండు మెట్లు.
మెట్టుకొకటి పోయొస్తా.

తెల్లారి మిషను తొట్టిలో ఒక సూది ఆకు.
బయట మిరపకాయల మూటతో మనిషి నిలబడుండాడు.
"ఏమక్కా, ఎయ్యాలా వద్దా?"
ఉండప్పా,
ఒక్క నిమిషం ఉండు.