పంక్తి

కొన్న కొత్తలో యాభై కిలోమీటర్లు
పెట్రోలు ఊసే లేకుండా పోయేది.
ఇప్పుడు పద్నాలుగు.
వాండానా మెట్ట సగం ఎక్కేసరికే
ఇంజన్ గొంతు సవరించుకుంటుంది,
పిలవని పెద్దమనిషి పంచాయతీకి వచ్చినట్టు.

కంపెనీ షెడ్డులో కుర్రాడు లెక్క రాసిచ్చాడు.
ఆ డబ్బుకి ఇంకో బండే వస్తుంది.
కాగితం మడిచి డాష్‌బోర్డు అరలో పెట్టాను.
ఇంకా అక్కడే ఉంది, పార్కింగ్ చీటీల కింద.

పక్కింటి ద్రాగిత్స,
జీలాంగ్‌లో ఫోర్డు ఫ్యాక్టరీ మూసిందాకా
పందొమ్మిదేళ్లు వైర్లు కట్టలు కట్టిన మనిషి,
జూలై చలిలో స్టూలు తెచ్చుకుని వచ్చింది.
"ఒక చెయ్యి జేబులో పెట్టుకో" అంది మొదటి పాఠంగా.
"రెండూ లోపల పెడితే
కరెంటు గుండె మీదుగా దారి చూసుకుంటుంది."
నారింజ రంగు ప్లగ్గు పీకి
పది నిమిషాలు ఊరికే కూచున్నాం.
ఆమె మోకాలి ఆపరేషనూ నా నైట్ డ్యూటీలూ
ఆ పది నిమిషాల్లోనే అయిపోయాయి.

మూత లేపితే
ఎనభై సెల్లులు, భుజానికి భుజం ఆనించి.
మార్కరుతో ఒక్కోదాని మీదా అంకె వేసింది.
బల్బు తగిలించి, మీటరు పట్టుకుని నేను చదువుతుంటే
తను గ్యాసు బిల్లు వెనకాల రాసుకుంది, వారం పైనే.
డెబ్బై ఏడు బాగానే ఉన్నాయి, వయసుకు తగ్గట్టు.
మూడే నీరసం. నలభై ఏడోది మరీ,
పొట్ట ఉబ్బి, తాకితే ఒరిగేలా.

పంక్తిలో ఒకరు చెయ్యి కడిగితే చాలు,
పెరుగన్నం కలుపుకుంటున్న వాళ్లు కూడా
లేవాల్సిందే.
ఇన్నాళ్లూ నా కారు కింద డెబ్బై ఏడు మంది
సగం ఆకలితో లేస్తున్నారు.
నేనేమో బండి ముసలిదైపోయిందని
కనబడ్డ వాళ్లందరికీ చెబుతున్నాను.
ద్రాగిత్సకి ఈ మాట ఇంగ్లీషులో చెప్పబోయి
విస్తరి దగ్గరే ఆగిపోయాను.
"మా ఊళ్లోనూ అంతే" అంది, ఏం అర్థమైందో.

కొత్తవి కొందామంటే వద్దంది.
కొత్తది పాతవాటి మధ్య ఇమడదట,
అది నిండకముందే ఇవి చాలంటాయట.
పాతవాటికి, అంతే పాతవి కావాలి.

లారాలో తుక్కు యార్డు.
షెపర్టన్ వడగళ్లకి చచ్చిన అదే ఏడాది బండి,
పై రేకంతా అమ్మవారు పోసిన మొహం.
కింద బ్యాటరీకి గీత పడలేదు.
యార్డువాడు ధర చెప్పాడు. ద్రాగిత్స నవ్వింది.
ఇంకో ధర చెప్పాడు.

ఊరు కాని ఊరి ముగ్గుర్ని తెచ్చి
పంక్తిలో కూచోబెట్టాం.
రెంచి 'టక్' అన్న చోట ఆగాలి, పిసరంత ఎక్కువైనా మర తెగుతుంది.
చెవులు కొరికే చలి,
రబ్బరు తొడుగులో అరచెయ్యి మాత్రం చెమట.

తెర మీద ముప్పై ఆరు.
"యాభై ఎవడిక్కావాలి?
ఆసుపత్రికి పదకొండు, ఇంటికి పదకొండు.
మిగిలింది నన్ను చేపల కొట్టుకి తీసుకెళ్లు" అంది.

నలభై ఏడోది ఇసక బకెట్లో, కంచె వారన,
శనివారం మునిసిపాలిటీ వాళ్లు తీసుకునేదాకా.
డ్యూటీకి పోతూ ఒకసారి చూసి వెళ్తున్నాను.
వార్డులో ఆ నంబరు మంచం కిటికీ పక్కది.

నిన్న రాత్రి మెట్ట ఎక్కాను.
ఇంజన్ లేవలేదు.
ఆ నిశ్శబ్దంలో ఎడమ తలుపు లోపల
ఏదో చిన్న మేకు లాంటిది
టిక్కు టిక్కుమని దొర్లుతోంది,
ఎన్నేళ్లనించో.