మధ్యాహ్నం ఒకటీ నలభై

దామలచెరువు మండీకి ఎదురుగా నా జెరాక్స్ కొట్టు.
మామిడి సీజన్లో వే-బిల్లులు,
మిగతా ఏడాదంతా ఆధార్ కార్డులు.

కన్నెమ్మ కొంగు ముడి విప్పి
గోరంత కార్డు టేబుల్ మీద పెట్టింది.
"మా ఆయన గొంతు ఉండాది దీంట్లో.
లెక్కలు చెప్పినాడు. కాగితం మీద ఎక్కించు సామీ."

దొరస్వామి నాకు తెలుసు.
అప్పులూ రాబళ్లూ అన్నీ నోటితోనే,
జేబులో చిన్న రికార్డరు.
గుజ్జు ఫ్యాక్టరీ ఎనిమిది టన్నులకి బాకీ,
పులిచెర్ల బండికి బాడుగ ఇచ్చేసినా,
మధ్యలో ఒక దగ్గు, కాకి అరుపు,
"నీళ్లు తేమ్మే" అని ఎవరినో పిలవడం.

ఫ్యాక్టరీ గుమాస్తా స్క్రీను మీద వేలు పెట్టి నవ్వాడు:
"పదింటికి పోయిన మనిషి
మధ్యాహ్నం ఒకటీ నలభైకి లెక్క చెప్పినాడా?"
ఎనిమిది టన్నులూ ఆ నవ్వులో మునిగేలా ఉన్నాయి.

కార్డును మళ్లీ చూశాను.
పాపం, దానికేం తెలుసు.
గడియారం ఎంతంటే అంత రాసుకుంటుంది,
ఏ ఊరి గడియారమో రాసుకోదు.
నా కంప్యూటర్ చదువుకున్నది.
ప్రతి ఫైలునీ లోపల గ్రీనిచ్ లెక్కలో దాచి
అడిగినప్పుడు ఐదున్నర కలిపి చూపిస్తుంది.
కాపీ చేసింది తేరగా దొరికిన ప్రోగ్రాం.
దామలచెరువు పొద్దును గ్రీనిచ్ పొద్దనుకుంది,
కలపకూడని చోట కలిపింది.
ఎనిమిదీ పది
ఒకటీ నలభై అయి కూర్చుంది.

ఆ మాటకొస్తే గోడ గడియారం మాత్రం నిజమా?
పన్నెండు కొట్టాక దాదాపు పద్నాలుగు నిమిషాలకు గానీ
మా మండీలో నీడ కాళ్ల కిందికి రాదు.
అందరం ఒకటే అబద్ధం ఆడుతున్నాం కాబట్టి
బస్సులు దొరుకుతున్నాయి.

గుమాస్తాకి ఇదంతా చెప్పి, కాగితం మీద కూడి, తీసి చూపించా.
సంతకం పెట్టి, చెప్పులు ఈడ్చుకుంటూ పోయాడు.

ఇక ఫైలు టైము దిద్దబోతుంటే
కన్నెమ్మ మౌస్ మీద చెయ్యి పెట్టింది.
"ఆ ఐదున్నర గంటలు యాడికి పోతాయి?"
పోవడానికి అసలు లేవు కదమ్మా అన్నాను.
"ఆ పొద్దు పాకాల ఆస్పత్రి వరండాలో
ఒకటిన్నర దాటినా శవాన్నియ్యలా.
కాగితాలంట, సీలంట.
ఆ యాళకి ఆయన ఈడ కూర్చోని
లెక్కలు చెప్తా ఉన్నట్టు రాసుండాది.
అదొకటి ఉండనీ."

రెండు కాపీలు తీశాను.
ఫ్యాక్టరీకి ఎనిమిదీ పది.
ఆమె ఫోనులో ఒకటీ నలభై.

ఇంకొకటి ఆమెకు చెప్పలేదు.
ఆ కార్డుకి సరి సెకన్లే తెలుసు,
బేసి సెకను వస్తే పక్కకి నెట్టేస్తుంది.
"నీళ్లు తేమ్మే" తర్వాత
మీట నొక్కి ఆపిన సెకను ఏదో
ఏ యంత్రాన్ని అడిగినా తేలదు.

ప్రింటుకి పది రూపాయలన్నాను.
ఇరవై ఇచ్చింది.
రెండు కదా, అంది.