జహ్రాలో అరువు

షెడ్డు ఏసీ నీళ్లు బకెట్ల టప్పు టప్పు.
ఒడిల ఎనిమిది వారాల సలూకీ పిల్ల,
నెత్తురు విరేచనాల వాసన నా లుంగీ నిండా.
దీని తోడబుట్టినవి మూడూ
నిన్ననే ఇసుకలకు పోయినయి.

"పార్వో" అన్నడు హైసమ్ డాక్టరు,
వేలెడంత సీసాను వెలుతురుకు పట్టి.
"తల్లి పాలల్ల దొరకాల్సిన యాంటీబాడీలు, లింబాద్రీ,
సూదిల ఎక్కిస్తున్న.
అరువే ఇది. కొన్ని వారాలకు కరిగిపోతది.
ఆలోపు నిలబడితే సొంతవి పుట్టించుకుంటది."

అరువు సంగతి నాకు చెప్పాలెనా?
వీసాకు తెచ్చిన రెండు లక్షలు
నాలుగేండ్లయినా కరగలే.

సీసా ధర మాత్రం అడగలే.

మూడో రోజు, ఫజర్ అజాకు ముందు,
లుంగీ అంచు పట్టి గుంజింది
పర్రున చినిగేదాక.
తిట్టిన.
మా మెండోర తిట్టు,
గొంతు నిండా.