బొటనవేలి గోరు

ఆదివారం పొద్దున
జలారు కాడ కూసోబెట్టి
సగం బ్లేడుతో నా గోర్లు తీసేది అమ్మ.
"గోరు కింద మట్టి, కడుపుల పురుగులు" అనేది.
చెవుల ఎనుక, మెడ మడతల, కాలివేళ్ళ సందుల
ఆమె వేలు పోని చోటు లేదు.
కుంకుడు నురుగు కండ్లల్ల పడి మొత్తుకుంటే
"ఏడ్వు బిడ్డా, కండ్లు గూడ కడిగినట్టయితది."

నా పది తీసినంక
తనవి తొమ్మిదే తీసుకునేది.
కుడి బొటనవేలిది ఉంచేది.
బీడీ మూతి ముడవాలె గదా.
మూతి సరిగ లేకుంటే
కోరుట్ల టేకేదారు కట్టకు కట్టే అవతల పారేస్తడు.

ఓ రాత్రి
తంబాకు చాట ఒళ్ళోంచి దించి
సబ్బుతో మూడుసార్లు రుద్దుకొని
వేళ్ళు నా ముక్కు కాడ పెట్టింది:
"వస్తుందా?"
ఆరేండ్లదాన్ని. వస్తుందన్న.

తెల్లారి నుంచి
పప్పన్నం చెంచాతో పెట్టింది.
స్టీలు చెంచా పండ్లకు తగిలినప్పుడల్లా
నేను చెప్పిన నిజం చప్పుడు చేసేది.

మొన్న,
కండ్లు ఆనుతలేవని
ఆ గోరు నన్నే తియ్యమన్నది.
బీడీలు మానేసి నాలుగేండ్లు.
అయినా పసుపుపచ్చగ,
చింతగింజ పొట్టు లెక్క గట్టిగ.
బ్లేడు జారింది. కట్టరు తెచ్చిన.
టక్కున ఎగిరి యాడనో పడ్డది.

వేళ్ళు నా ముక్కు దాకా తెచ్చి
మధ్యల ఆపుకున్నది.
నేనే వంగిన.
ఎర్రసబ్బు. దాని కింద, తను.

"ముందు గోరు ఏరు," అన్నది,
"ఇంట్ల పడి ఉండొద్దు.
ఏరినంక చేతులు కడుక్కో."