కోళ్లు ఒప్పుకోని మూల

నేలమాళిగలో వాసనొస్తోందని
గనుల ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాసింది గెర్ట్రూడా కుబిచెక్.
మీథేన్‌కి వాసనుండదమ్మా అని చెప్పబోయి
గడపలో బూట్ల మంచు దులుపుకుంటూ ఊరుకున్నాను.

సిలీసియాలో ఫిబ్రవరి.
వ్యాన్‌లో నా పెట్టె. అందులో ఎదురెదురుగా రెండు అద్దాలు,
వాటి మధ్య కంటికందని ఒక సన్నటి కిరణం
మూరెడు చోటులోనే అటూ ఇటూ తిరిగి తిరిగి
డెబ్బై మీటర్లు నడుస్తుంది.
పంపు పీల్చిన గాలి దారికడ్డంగా నిలబడుతుంది.
మీథేన్‌కి కావలసిన రంగు వేరు,
దాన్ని మాత్రం వెతుక్కుని కొరుక్కుతింటుంది.
ఎంత తిన్నదో చూడటమే నా ఉద్యోగం.
వెలుగుని కాదు,
వెలుగులో వెలితిని కొలిచి జీతం తీసుకుంటాను.

మాళిగలో బంగాళాదుంపలు, ఊరేసిన క్యాబేజీ పీపా,
మేకుకి ఒక ఇత్తడి దీపం.
తెర మీద గీతలో పిసరంత సొట్ట:
పది లక్షల పాళ్లలో రెండు, కాస్త పైచిలుకు.
ఎక్కడైనా అంతే ఉంటుంది.
"వాసన క్యాబేజీదే" అన్నాను.
ఆమె నవ్వలేదు.
"పెరట్లోకి రా.
నా కోళ్లు ఆ మూల గుడ్లు పెట్టవు.
మంచూ నిలవదు."

నిజమే. తెల్లటి పెరట్లో తట్టంత నల్లటి నేల.
గొట్టం కొస అక్కడ ఆనించాను.
ఎనిమిది సెకన్లు.
వ్యాన్‌లోంచి గ్జెగొష్ కేక.
గీత బావిలో చేదలా జారిపోయింది.
కింద నిజంగానే బావి,
ఎప్పుడో తవ్వి, పూడ్చి, ఏ పటంలోనూ రాయని గనిబావి.

కాఫీ పోసి, ఇత్తడి దీపం తెచ్చి బల్ల మీద పెట్టింది.
అలోయిజ్‌దట.
"వత్తి తగ్గించి పట్టుకునేవాడు.
గాలి చెడితే మంట నెత్తిన నీలం టోపీ లేచేది.
టోపీ ఎత్తుని బట్టి పనో, పరుగో.
ఆ రాత్రి షిఫ్టులో..."
చక్కెర కావాలా అంది.

ఆ దీపం వాయువుని తిని పెరిగేది.
నాది వాయువుకి తనని తినిపించి తగ్గుతుంది.
ఈ మాట ఆమెతో అనలేదు. చక్కెర వేసుకున్నాను.

వెళ్లేముందు, "నన్నూ కొలు" అంది.
గొట్టంలోకి ఊదింది. పదకొండు.
కొందరి పేగుల్లో పుడుతుందని చెప్పాను,
జబ్బేం కాదని కూడా.
గ్జెగొష్ ఊదాడు, నేనూ ఊదాను:
మా ఇద్దరిలో ఏమీ లేదు.
"అయితే గని నాలోనే ఉందన్నమాట!"
అప్పుడు నవ్వింది, దగ్గొచ్చేదాకా.

ఫారంలో ఒక గడి: మొదట గుర్తించినవారు.
కోళ్లు అని రాసి, కొట్టేసి,
ఆమె పేరు రాశాను.
ఆమె సుద్దముక్కతో మాళిగ తలుపు మీద
దుంపల బస్తాల లెక్క కింద
పదకొండు అని రాసుకుంటోంది.